దత్తాశ్వము, స్వయందత్తాశ్వము : అమెరికా వన్యాశ్వ కథలపై ఒక పరిశీలనము

వన్యమృగమును మచ్చిక చేసికొనుట మానవుని అతి ప్రాచీనమైన పనులలో నొకటి. ఆ పనిని గూర్చి కథ చెప్పుట తరువాత వచ్చిన పని. మొదటిదానికి త్రాడు, కంచె, దాణా, ఓర్పు కావలెను. రెండవదానికి మాట చాలును. అయినను మొదటిదానిలో చెల్లని మోసము రెండవదానిలో చెల్లును. లొంగని గుఱ్ఱము రౌతును నేలపై పడద్రోయును. కథలోని గుఱ్ఱము మాత్రము లొంగెనని రచయిత వ్రాసినచో లొంగినట్లే. కావున ఇట్టి కథలను చదువు విమర్శకుడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు : ఈ గుఱ్ఱము లొంగినదా, లేక లొంగినట్లు వ్రాయబడినదా?

ఈ వ్యాసమునందు మేము పరిశీలింపబూనినవి అమెరికా పశ్చిమప్రాంతమునను మెక్సికో సరిహద్దునను స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱములను పట్టి, పెంచి, శిక్షణమిచ్చు కథలు. విల్ జేమ్స్ రచించిన 'స్మోకీ ద కౌహార్స్' (1926), మేరీ ఒహారా రచించిన 'మై ఫ్రెండ్ ఫ్లికా' (1941), కార్మక్ మెకార్థీ రచించిన 'ఆల్ ద ప్రెటీ హార్సెస్' (1992) అను మూడు నవలలును, లోర్ ద క్లెర్మాన్ తొనేర్ దర్శకత్వమున 2019లో వెలువడిన 'ద మస్టాంగ్' అను చలనచిత్రమును ఇందులకు ఆధారములు. ఇవి పరదేశపు కథలు. వీనిని కొలుచు కోలలు మాత్రము మన నిఘంటువునుండియు, మన శాస్త్రములనుండియు తీసికొందుము. అన్య సాహిత్యమును మన మాటలతో కొలిచినప్పుడు ఆ సాహిత్యము మనకు తెలియుటయే కాక, మన మాటల లోతును మనకు తెలియును.

1

ముందుగా మాటలను గూర్చి. సంస్కృతమున 'దమ్' ధాతువు అణచుట, సాధువును చేయుట అను అర్థమునిచ్చును. లాటినులోని 'దొమారే', ఇంగ్లీషులోని 'టేమ్' దీనికి జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కాడికి కట్టదగిన ప్రాయము వచ్చిన కోడెను అమరకోశము 'దమ్యము' అన్నది. దమనమున కర్త యొకడు, కర్మ యొకటి. ఒకడు అణచును, ఒకటి అణగును.

తెలుగున 'మచ్చిక' అను మాట కలదు. ఇది పరిచయమువలన కలిగిన ప్రేమకును, చేరికకును పేరు. 'దానిని మచ్చిక చేసికొనెను' అనునప్పుడు ఒకని పనివలె కనబడినను, 'దానికి అతనియందు మచ్చిక కలిగినది' అనుటయు మన నుడికారమే. దమనము ఒకరు మఱియొకరికి చేయునది. మచ్చిక ఇరువురి నడుమ ఏర్పడునది. అణచిన పశువు యజమాని లేనప్పుడు పారిపోవును. మచ్చిక పడిన పశువు యజమాని లేనప్పుడు వెదకును. ఈ భేదమునే మేము ఈ వ్యాసమున ముఖ్యముగా వాడుకొనుచున్నాము.

మూడవ మాట 'శిక్ష'. సంస్కృతమున దీనికి నేర్పుట, నేర్చుకొనుట అని అర్థము. వేదాంగములలో మొదటిదాని పేరు శిక్ష. తెలుగు వాడుకలో అది దండనకు పేరైనది. నేర్పుటకు 'శిక్షణ' అను రూపమును వేఱుగా నిలుపుకొంటిమి. ఒకే మాట ఇట్లు రెండుగా చీలుట వట్టి అర్థపరిణామము కాదు. నేర్పుటలో ఎంత దండన కలదో, దండనతో ఎంత నేర్పవచ్చునో అను సందేహము ఆ చీలికలో నిలిచియున్నది. ఇంగ్లీషున గుఱ్ఱమును సాధువు చేయుటకు పాతమాట 'బ్రేక్', అనగా విఱుచుట. ఇటీవలి శిక్షకులు ఆ మాటను విడిచి, మృదువు చేయుట అను అర్థముగల 'జెంట్లింగ్' అను మాటను పట్టిరి. వారి భాషయు అదే సందేహముతో పెనుగులాడుచున్నదని దీనివలన గ్రహింపవచ్చును.

2

మన సాహిత్యమున అశ్వవర్ణనములకు కొదవ లేదు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను పంచధారలను ప్రబంధకవులు పలుమారులు స్మరించిరి. శాలిహోత్రుని పేర వచ్చిన శాస్త్రము కలదు. తెలుగున మనుమంచిభట్టు రచించిన 'హయలక్షణ విలాసము' కలదు. అయినను అడవిలో తిరుగు గుఱ్ఱమును పట్టి తెచ్చి సాధువు చేసిన కథ మనకు అరుదు. దీనికి కారణము సాహిత్యమున కాక చరిత్రమున వెదకవలెను. దక్షిణాపథమునకు మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై వచ్చెను. రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు మొదలగునవి దేశమునకు దిగునట్లు చూడవలెనని ఆముక్తమాల్యదలోని రాజనీతి చెప్పుచున్నది. మనకు గుఱ్ఱము బేరమునకు వచ్చు వస్తువు. అడవిలో పట్టవలసిన మృగము ఏనుగు. కావుననే వన్యమృగదమనమును గూర్చిన మన శాస్త్రము గజశాస్త్రముగా పెరిగినది. అశ్వశాస్త్రము లక్షణపరీక్షగా పెరిగినది.

అయినను రెండు తావుల మన ప్రాచీనులు ఈ విషయపు మర్మమును ముట్టిరి. మొదటిది నలోపాఖ్యానము. బాహుకుడై ఋతుపర్ణుని కొలువున నున్న నలుడు విదర్భ ప్రయాణమునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరికొనెను. రాజు శంకించెను. రాజు రథమెక్కగనే ఆ గుఱ్ఱములు మోకాళ్లపై కూలినవని సంస్కృత భారతము చెప్పుచున్నది. అప్పుడు నలుడు కొరడా ఎత్తలేదు. వానిని ఊరడించెను. మూలమునందు వాడబడిన మాట సాంత్వనమునకు సంబంధించినది. ఊరడిల్లిన పిమ్మటనే అవి గాలివలె పరుగెత్తినవి. నలుని విద్యకు 'అశ్వహృదయము' అని పేరు. గుఱ్ఱపు కాలిని గాని, నోటిని గాని పేర్కొనక హృదయమును పేర్కొనిన ఆ పేరు తానే యొక సిద్ధాంతము.

రెండవది అంగుత్తరనికాయమునందలి కేసి సుత్తము. కేసి యనువాడు గుఱ్ఱములకు శిక్షణమిచ్చువాడు. ఎట్లు శిక్షణమిత్తువని బుద్ధుడు అతనిని అడిగెను. కొన్నిటిని మెత్తగాను, కొన్నిటిని కఠినముగాను, కొన్నిటిని రెండు విధములను కలిపియు శిక్షింతునని కేసి చెప్పెను. దేనికిని లొంగనిచో? చంపుదుననెను, తన గురుకులమునకు అపకీర్తి రాకుండుటకట. మీరు మనుష్యులనెట్లు శిక్షింతురని అతడు తిరిగి యడుగగా, బుద్ధుడు తానును అట్లే చేయుదునని, చంపుదునని కూడ చెప్పెను. అహింసావాదియైన వాడిట్లనుట కేసికి ఆశ్చర్యమైనది. చెప్పుటకు తగడని, బోధించుటకు తగడని ఒకనిని విడిచివేయుటయే తమ ధర్మమున చంపుటయని బుద్ధుడు వివరించెను.

ఈ సంవాదమున మేము గమనింపదగినదిగా తలచునది కేసి చెప్పిన కారణము. గుఱ్ఱము చచ్చుట గుఱ్ఱపు దోషమునకు కాదు, గురువు పరువునకు. శిక్షకుని అహంకారము శిక్షణలో ఎంత లోతున దాగియుండునో ఆ పాలి సూత్రము ఒక్క వాక్యమున బయటపెట్టినది. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను చెప్పినది కాని, అచ్చట గుఱ్ఱము ఉపమానము మాత్రమే. దాని పక్షమున పలుకువారు లేరు. కేసి సుత్తమున గుఱ్ఱము నిజమైన గుఱ్ఱము. దాని చావు నిజమైన చావు.

గ్రీకులలో క్రీ. పూ. నాలుగవ శతాబ్దివాడైన క్సెనోఫోను అశ్వవిద్యను గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. పిల్లవానిని బడికి పంపునట్లు గుఱ్ఱపుపిల్లను శిక్షకునివద్దకు పంపవలెననియు, అది ఏమి నేర్చి రావలెనో ముందుగనే వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనవలెననియు అతడు చెప్పెను. గుఱ్ఱమును కోపముతో సమీపింపరాదనుట అతని ముఖ్యోపదేశము. ఆకలి, దప్పి, ఈగల బాధ మనుష్యుడు లేనప్పుడు కలుగవలెననియు, మేత, నీరు, ఉపశమనము మనుష్యుని చేతిమీదుగా రావలెననియు అతడు చూపిన ఉపాయము సూక్ష్మమైనది. ఇది మచ్చికయా, కపటమా? రెండునని మా అభిప్రాయము. మచ్చికకు మొదలు ఎక్కువగా ఇట్టి ఉపాయమే. ఉపాయముగా మొదలైనది ఎప్పుడు నిజమగునో చెప్పుటయే కథకుని పని.

3

ఇప్పుడు అమెరికా గుఱ్ఱమునకు వత్తము. ఆ ఖండమున గుఱ్ఱములు సుమారు 10,000 సంవత్సరములకు పూర్వము నశించినవి. తిరిగి వానిని తెచ్చినవారు స్పెయినువారు : 1493లో కరీబియను దీవులకు, 1519లో కోర్తెసుతో మెక్సికో నేలకు. తప్పించుకొని అడవిపాలైన వాని సంతతియే నేటి 'మస్టాంగు'. స్వామి లేక తిరుగు పశువు అను అర్థముగల స్పానిషు మాట 'మెస్తెన్యో' దీనికి మూలము. అనగా ఇది ఆదినుండియు అడవి మృగము కాదు. ఇల్లు విడిచి అడవిని ఇల్లు చేసికొనినది. దానిని మచ్చిక చేయుట తరతరముల క్రిందట తెగిన బంధమును తిరిగి ముడివేయుట. ఈ కథలన్నిటను వినబడు విషాదస్వరమునకు ఇది యొక కారణము.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఈ గుఱ్ఱములను మోటారుబండ్లతోను విమానములతోను తరిమి పట్టి, పెంపుడు జంతువుల ఆహారమునకై కబేళాలకు అమ్ముచుండిరి. నెవాడా రాష్ట్రమున వెల్మా జాన్‌స్టన్ అను ఆమె దీనిపై ఉద్యమించెను. ఆమె కృషివలన 1959లో అట్టి వేటను నిషేధించు చట్టము వచ్చినది. 1971 డిసెంబరులో ప్రభుత్వభూములలోని గుఱ్ఱములను, గాడిదలను సంరక్షించు చట్టము వెలసినది. సంరక్షణమువలన మందలు పెరిగినవి, మేత చాలలేదు, మిగిలినవానిని ప్రజలకిచ్చు పద్ధతి 1970 దశకముననే మొదలైనది. ఈ పద్ధతికి ఆ దేశమువారు పెట్టిన పేరు 'అడాప్షన్', అనగా దత్తత. పట్టిన గుఱ్ఱపు మెడకు ఎడమవైపున అతిశీతలమైన ఇనుముతో గుర్తు వేయుదురు. చేయి తగలని గుఱ్ఱమును తీసికొనువారు ఆరడుగుల ఎత్తుగల కంచెను, ఒక్కొక్క గుఱ్ఱమునకు కనీసము 400 చదరపుటడుగుల ఆవరణమును చూపవలెను. ఒక సంవత్సరము దయతో పోషించినట్లు రుజువైన పిమ్మటనే దానిపై స్వామిత్వము సంక్రమించును.

'దత్తత' అను మాట తెలుగువారికి బరువైనది. మన ధర్మశాస్త్రములు పండ్రెండు విధములైన పుత్రులను చెప్పినవి. అందు తల్లిదండ్రులు ఇచ్చినవాడు దత్తకుడు. వెలకు కొనబడినవాడు క్రీతుడు. తల్లిదండ్రులచే విడువబడి పరులచే చేకొనబడినవాడు అపవిద్ధుడు. దిక్కులేక తన్ను తానే ఇచ్చుకొనినవాడు స్వయందత్తుడు. ఈ నాలుగు మాటలను అమెరికా గుఱ్ఱమునకు అన్వయించి చూడుడు. ప్రభుత్వమిచ్చినది కావున అది దత్తకము. కాని ఇచ్చినది తల్లి కాదు. రుసుము చెల్లించి తెచ్చినది కావున క్రీతము. మందనుండి వేఱుచేయబడినది కావున అపవిద్ధమునకు చేరువ. స్వయందత్తమగునా? అది చట్టము చేతిలో లేదు. సంవత్సరము గడచిన పిమ్మట కాగితముపై స్వామిత్వము వచ్చును. గుఱ్ఱము తన్ను తాను ఇచ్చుకొనునో లేదో ఏ కాగితమును చెప్పజాలదు.

వన్యాశ్వకథ పుట్టుచోటు ఇదియే. దత్తాశ్వము స్వయందత్తాశ్వమగు క్షణమును చూపుటకే ఈ రచయితలందఱును ప్రయత్నించిరి. ఆ క్షణము నిజమైనదో కాదో తెలిసికొనుటకు మేము మూడు పరీక్షలను ప్రతిపాదించుచున్నాము. మొదటిది : ఆ క్షణమున గుఱ్ఱమునకు పోవుటకు దారి యున్నదా? రెండవది : గుఱ్ఱపు మనస్సులో మనకు తెలియని భాగమును రచయిత తెలియనిదిగనే ఉంచెనా? మూడవది : శిక్షకుడు తానేమైన కోల్పోయెనా, లేక గుఱ్ఱము మాత్రమే కోల్పోయెనా?

4

'స్మోకీ' కథానాయకము ఎలుకవన్నె గుఱ్ఱము. బీడుభూములలో పుట్టి, స్వేచ్ఛగా పెరిగి, ప్రాయము వచ్చిన పిదప క్లింటు అను గోపాలకుని చేత పడును. ఈ భాగమున విల్ జేమ్స్ చూపిన వృత్తిజ్ఞానము గొప్పది. త్రాడు మొదట ఏమి నేర్పును, జీను వీపును తాకినప్పుడు చర్మము ఎట్లు వణకును, ప్రతి ఉదయమును గుఱ్ఱము ఒక్కమారైనను ఎగిరి దూకుట ద్వేషముచేతనా, అలవాటుచేతనా అను సంగతులను చేయితిరిగినవాడు గాని వ్రాయలేడు. తరువాత గుఱ్ఱము దొంగిలింపబడి, హింసింపబడి, మనుష్యుని ద్వేషించి, పందెపు గోదాలలో రౌతులను పడద్రోయు 'కూగర్' అను పేర ప్రసిద్ధికెక్కును. సత్తువ తగ్గిన పిదప అద్దెగుఱ్ఱమై, తుదకు బండిలాగు బక్కజీవమై క్లింటు కంటబడును. ఆ గ్రంథమునకు 1927లో న్యూబెరీ పతకము లభించినది.

మొదటి పరీక్షలో ఈ నవల తుదకు నెగ్గును. క్లింటు ఆ ముసలి గుఱ్ఱమును తెచ్చి, పోషించి, బీడులోనికి విడిచిపెట్టును. పిలువడు, త్రాడు వేయడు. అది తనంత తానే అతని గుడిసె వద్దకు వచ్చును. కంచెలేని చోట జరిగిన ఈ రాక యథార్థమైన స్వయందానము. రెండవ పరీక్షలో నవల ఓడును. రచయిత మొదటి పుటనుండియు గుఱ్ఱపు మనస్సులో కూర్చుండి మాటాడుచున్నాడు. దానికి ఏమి తోచెనో అతనికి తెలియని క్షణము లేదు. అంతయు తెలిసిన చోట తుదిరాక ఆశ్చర్యము కొంత తగ్గును.

ఇంతకంటె పెద్ద దోషము వేఱొకటి కలదు. గుఱ్ఱమును దొంగిలించి హింసించినవానిని రచయిత మిశ్రరక్తము గలవానిగా చిత్రించి, అతని క్రౌర్యమును పుట్టుకతో ముడిపెట్టెను. ఏ గ్రంథము గుఱ్ఱపు స్వభావము జన్మమువలన గాక, దానిపై పడిన చేతులవలన ఏర్పడునని నిరూపించుచున్నదో, ఆ గ్రంథమే మనుష్యుని విషయమున జన్మమును సాక్ష్యమునకు పిలిచినది. గుఱ్ఱమునకు ఇచ్చిన న్యాయమును మనుష్యునకు ఇయ్యలేదు. రచయిత జీవితము ఈ దోషమునకు విచిత్రమైన వ్యాఖ్యానము. అతడు 1892లో కెనడాలోని క్విబెక్‌లో ఫ్రెంచి కుటుంబమున పుట్టినవాడు. అసలు పేరు ఎర్నెస్టు ద్యుఫో. 1930లో ప్రకటించిన 'లోన్ కౌబాయ్' అను ఆత్మకథయందు తాను మోంటానాలో పుట్టిన అనాథననియు, ఒక వేటగాడు తన్ను పెంచెననియు కల్పించుకొనెను. పశుచౌర్యమునకై నెవాడాలో కారాగారవాసము చేసినవాడు కూడ అతడే. తన్ను దత్తునిగా కల్పించుకొనినవాడు, తాను చేసిన నేరమును కథలో పరజాతివానిపై పెట్టెను. జీవితమును బట్టి కృతిని కొలువరాదని మేమెఱుగుదుము. ఇచ్చట కొలుచుట లేదు. కృతిలో కనబడిన బీట జీవితమున ఎచ్చట మొదలైనదో చూపుచున్నాము.

'ఫ్లికా' యందు శిక్షకుడు పదియేండ్ల బాలుడు. వ్యోమింగు రాష్ట్రమున తండ్రి గుఱ్ఱముల క్షేత్రమునందుండు కెన్ బడిలో కలలు కనుచు పరీక్ష తప్పినవాడు. తనకొక గుఱ్ఱపుపిల్ల కావలెనని అడిగి, ఏడాది ప్రాయపు పిల్లను ఎన్నుకొనును. దాని వంశమున మచ్చికకు లొంగని వన్యాశ్వరక్తము కలదు. కావున తండ్రికి సమ్మతి లేదు. పట్టి తెచ్చిన పిల్ల ముండ్లతీగ కంచెలోనికి దూకి చీరుకొనును. గాయములు పుండ్లై అది కృశించును. కెన్ దానికి దినదినము సేవ చేయును. తుదకు దానిని కాల్చివేయుమని తండ్రి ఆజ్ఞాపించును. ఆ రాత్రి బాలుడు చల్లని వాగులో పడియున్న గుఱ్ఱపు తలను ఒడిలో నిలుపుకొని తెల్లవారువఱకు కూర్చుండును. గుఱ్ఱము బ్రతుకును; బాలుడు జ్వరమున పడును.

ఈ రాత్రి ఘట్టము పాఠకుని కదలించుననుటలో సందేహము లేదు. మూడవ పరీక్షలో ఈ నవలకు సాటి లేదు. శిక్షకుడు తన ప్రాణమునే ఒడ్డెను. మొదటి పరీక్షలో మాత్రము ఇది నిలువదు. ఫ్లికా పోజాలక నిలిచినది. త్రాడు చేయవలసిన పనిని రచయిత్రి గాయముచేత చేయించినది. మేత, నీరు, ఉపశమనము బాలుని చేతిమీదుగానే వచ్చినవి. క్సెనోఫోను ఉపాయమే ఇచ్చట విధి రూపమున వచ్చినది. కెన్ కపటి కాడు, నిజమే; విధి అతని పక్షమున కపటము చేసినది. అయినను ఒహారా ఒక సత్యమును బాగుగా పట్టినది. ఈ నవలలో శిక్షణము పొందువారు ఇద్దఱు. తండ్రి గుఱ్ఱమును చూచు చూపే కుమారుని చూచు చూపు : లొంగనిచో పనికిరాదు. కేసి చెప్పిన పరువు ఆ తండ్రి మాటలలో వినబడును. గుఱ్ఱము బ్రతికినప్పుడు కుమారుడు కూడ తండ్రి చేతినుండి బ్రతికెను. ఉపాధ్యాయులైన పాఠకులు ఈ నవలను ఒక్కమారు బడికథగా కూడ చదువవలెనని మా మనవి.

మెకార్థీ నవల 1949 నాటి కథ. పదునాఱేండ్ల జాన్ గ్రేడీ కోల్ టెక్సాస్ విడిచి, మిత్రుడు రాలిన్సుతో మెక్సికోలోని కోహువీలా ప్రాంతమున నొక పెద్ద భూస్వామి క్షేత్రమునకు చేరును. కొండలనుండి తోలితెచ్చిన పదునాఱు అడవిగుఱ్ఱములను నాలుగు దినములలో సాధువు చేయుదుమని మిత్రులిద్దఱును పూనుకొందురు. త్రాళ్లతో కాళ్లు బంధించుట, గోనెలతో మేనెల్ల తడవుట, జీను వేయుట, ఎక్కుట. జాన్ గ్రేడీ గుఱ్ఱపు మెడపై ఆనుకొని మెల్లగా మాటాడుచునే యుండును. సాయంకాలమునకు చుట్టుప్రక్కల జనమంతయు చేరి తిరునాళ్లవలె చూచుచుందురు.

ఈ ఘట్టమున మెకార్థీ చేసిన పని అపూర్వము. నాయకుని నేర్పును పొగడుచునే, ఆ నేర్పు దేనిని విఱిచెనో కూడ చెప్పెను. కట్టుబడిన గుఱ్ఱములు మొదట అంతవఱకు తమకు సహజమైన మందతో కూడిన ఎఱుకను కోల్పోయినట్లును, ఒక్కొక్కటి ఒంటరియైనట్లును వర్ణించెను. మృదువైన మాట త్రాడును కప్పిపుచ్చలేదు. గుఱ్ఱమునకు ఏమి తోచెనో చెప్పక, దాని కన్నును, చెవిని, వణకును మాత్రమే చూపెను. కావున రెండవ పరీక్షలో ఇది నెగ్గును. మొదటి పరీక్షలో ఓడుటయు తెలిసియే ఓడినది. కంచె కంచెగనే చూపబడినది. మూడవ పరీక్షకు తరువాతి కథ సమాధానము. పదునాఱు గుఱ్ఱములను ఆవరణమున నిలిపిన ఆ బాలుని విధి సాల్తియో కారాగారపు గోడలలో నిలిపినది. మందనుండి వేఱుపడిన ఒంటరితనమును అతడును అనుభవించెను. రచయిత ఈ పోలికను ఎచ్చటను విప్పి చెప్పలేదు. చెప్పకుండుటయే దాని బలము.

'ద మస్టాంగ్' చిత్రమున ఈ పోలిక కథావస్తువే యైనది. నెవాడాలో ఖైదీలచే అడవిగుఱ్ఱములకు శిక్షణమిప్పించి ప్రజలకిచ్చు పద్ధతి వాస్తవముగా నున్నదే. కోపిష్ఠియైన రోమన్ కోల్‌మన్ తన వంతునకు వచ్చిన గుఱ్ఱమును మొదట పిడికిళ్లతో కొట్టును. ఏ ప్రయత్నమును ఫలింపక, అతడు నిస్పృహతో నిలిచిపోయినప్పుడు గుఱ్ఱము తానే వచ్చి తలతో అతనిని తాకును. ఇది నాటకీయమైన కల్పన మాత్రము కాదు. గుఱ్ఱము పరుగే రక్షగా గల మృగము. దాని వైపు నేరుగా నడచువాడు దానికి వేటమృగము వంటివాడు. ఒత్తిడి తీసివేసి ప్రక్కకు తిరిగినవాడు భయకారణము కాడు. ఒత్తిడిని పెట్టుటకంటె, తగిన క్షణమున తీసివేయుటచేతనే గుఱ్ఱము నేర్చుకొనునని నేటి శిక్షకులందఱు నెఱుగుదురు. కథాంతమున అతడు ఆ గుఱ్ఱమును కంచె దాటించి విడిచిపెట్టును. శిక్షకుడే దారి తెఱచినాడు. తాను మాత్రము లోపలనే మిగిలినాడు.

5

ఈ పరీక్షలపై ఒక ఆక్షేపణ రావచ్చును. గుఱ్ఱమునకు ఇచ్ఛ యనునది కలదా? స్వయందానమనుట మానవుడు తన తృప్తికై మృగముపై ఆరోపించిన ధర్మము కాదా? ఆక్షేపణ తేలికైనది కాదు. మన వాత్సల్యమును గుఱ్ఱమున చూచుకొని ఆనందించుట ఈ సాహిత్యపు పెద్ద జబ్బు. అయితే ఇచ్ఛను గూర్చి తత్త్వనిర్ణయము చేయకయే మనము ఒక సంగతిని చూడవచ్చును. ద్వారము తెఱచియున్నది, గుఱ్ఱము పోయినదా, నిలిచినదా? పిలువలేదు, వచ్చినదా, రాలేదా? ఇవి కంటికి కనబడు విషయములు. కావుననే మా మొదటి పరీక్ష గుఱ్ఱపు మనస్సును గాక, ఆవరణపు ద్వారమును చూడుమనుచున్నది.

రెండవ ఆక్షేపణ : త్రాడు లేక ఏ అడవిగుఱ్ఱమును మచ్చిక కాదు గదా, మొదటి పరీక్షను పెట్టుట అన్యాయము కాదా? త్రాడు తప్పదని మేమును ఒప్పుకొందుము. ఆరడుగుల కంచె లేనిచో దత్తాశ్వము మఱునాటికి ఉండదు. 1856లో అశ్వదమనమును గూర్చి పుస్తకము ప్రకటించి ప్రసిద్ధుడైన జాన్ రేరీ సైతము దయయే తన మార్గమని చెప్పుచు, గుఱ్ఱపు ముందుకాలిని మడచి కట్టి దానిని పరుండబెట్టెడివాడు. మేము తప్పుపట్టునది త్రాడును కాదు. త్రాడును దాచి ప్రేమను మాత్రమే చూపు కథను. దమనముతో మొదలై మచ్చికగా మాఱు దారిని ఆద్యంతము చూపిన కథ సత్యమైన కథ. నడిమి భాగమును కన్నీటితో కప్పిన కథ, ఎంత రమ్యమైనను, సగము కథ.

ఈ దృష్టితో తారతమ్యము నిర్ణయింపవలసివచ్చినచో, మా అభిప్రాయమున మెకార్థీ నవలకు అగ్రస్థానము. అది స్వయందానమును చూపినందులకు కాదు. చూపలేనిచోట చూపినట్లు నటింపనందులకు. 'స్మోకీ' తుదిపుటలు ఈ సాహిత్యమునందెల్ల నిజమైన స్వయందానమునకు మేలైన ఉదాహరణము. దాని మధ్యభాగపు అన్యాయము ఆ పుటలపై నీడవలె పడినది. 'ఫ్లికా' శిక్షకుని త్యాగమును చూపుటలో మేటి. చలనచిత్రము శిక్షకుని బంధమును, అశ్వబంధమును ఒకే కంచెలో చూపి ముగింపున వేఱుచేసినది.

పరిశోధక విద్యార్థులకు ఇందొక పని మిగిలియున్నది. మన గజశాస్త్రగ్రంథములలోను, గ్రామీణుల కోడెల పెంపకపు మాటలలోను దమనమునకు, మచ్చికకు గల పలుకుబడులు ఇంకను సమగ్రముగా సేకరింపబడవలెను. కోడెకు మొదటిమారు కాడి అలవాటు చేయు రైతు ఏ మాటలతో దానిని పిలుచును, ఎప్పుడు అదలించును, ఎప్పుడు మెడ నిమురును అను సంగతులు నిఘంటువులకు పూర్తిగా ఎక్కినవి కావు. అవి సేకరింపబడిననాడు తెలుగున శిక్షయు శిక్షణయు ఎచ్చట వేఱుపడెనో స్పష్టముగా తెలియును. నలుని విద్యకు అశ్వహృదయమని పేరు పెట్టిన సంప్రదాయమునకు వారసులమైన మనము, పరదేశపు గుఱ్ఱము కథను చదివినప్పుడు కూడ మొదట అడుగవలసినది దాని హృదయమును గూర్చియే. దానికి ఉత్తరము రానిచోట ఉత్తరము రాలేదని ఒప్పుకొను రచయితయే ఆ హృదయమునకు చేరువైనవాడు.